రాతిపువ్వు మచ్చు పొట్లం

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక ఉన్న దినుసుల సందులో శ్యామలాంబ గారి కొట్టు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. సందులోకి అడుగుపెట్టి, చేట చప్పుడు ఎటునుంచి వినిపిస్తే అటు నడిస్తే చాలు. మిగతా కొట్లలో సరుకు శుభ్రం చేయడానికి మిషన్లు వచ్చి పదేళ్ళు దాటింది. ఈ కొట్టులో కూడా ఒకటుంది. ఆవిడ మరిది కొడుకు హరిబాబు ముచ్చటపడి కొన్నాడు. ధనియాలూ మెంతులూ అందులో పోస్తాడు, అవి శుభ్రమై కిందికి దిగుతాయి. దిగినవాటిని శ్యామలాంబ గారు మళ్ళీ చేటలో పోసుకుని చెరుగుతారు. మిషను మీద ఆవిడకు కోపమేమీ లేదు. నమ్మకం లేదు, అంతే.

అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉన్నట్టు ముందుకు వంగి ఉంటారు. కళ్ళజోడు లేదు, అది లేదన్న సంగతి రోజుకు ఒక్కసారైనా ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేరు. భర్త పోయి ఇరవై ఏళ్ళయింది. అప్పట్లో మరిదితో కలిసి, ఇప్పుడు హరిబాబుతో కలిసి కొట్టు నడుపుతున్నారు. హరిబాబు పెద్దమ్మా అని పిలుస్తాడు కాబట్టి సందు సందంతా ఆవిడకు పెద్దమ్మ అన్న పేరే స్థిరపడింది. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. దానికి మాత్రం ఆవిడ కాస్త నొచ్చుకుంటారు.

ఆవిడ పట్టుదల ఒక్కటే. కొట్టు గడప దాటి వెళ్ళే సరుకులో రాయి గానీ పుల్ల గానీ ఉండకూడదు. ఓసారి పెళ్ళి వంటలు చేసే ఆయనొకడు సోంపులో పుల్ల వచ్చిందని తెచ్చి చూపించాడు. వేలి గోరంత పుల్ల. ఆవిడ దాన్ని వారం రోజులపాటు గల్లాపెట్టె మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించి మరీ సిగ్గుపడ్డారు. చివరికి ఆ వంటాయనే వచ్చి, అమ్మా ఇంక పారెయ్యండి, నాకు అన్నం సయించడం లేదని బతిమాలుకున్నాడు.

ఇంత శుభ్రం పిచ్చి ఉన్న మనిషి చేతుల మీదుగా, ఏ శుభ్రమూ చేయకుండా పక్కకు వెళ్ళేది ఒకే ఒక్కటి ఉండేది. అది మచ్చు. కొండల నుంచి, మెట్ట నుంచి సరుకు మూటలు రాగానే ముందు మూట మధ్యలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీసి, పాత కేలండరు కాగితంలో పొట్లం కట్టి, అమ్మినవాళ్ళ పేరూ, ఎక్కడినుంచి తెచ్చారో, ఏ మాసమో రాసి, చివర్న “చెయ్యి పడనిది” అని రాసేవారు. ఆ మాట ఆవిడ మామగారు నేర్పింది. రేపెప్పుడైనా సరుకు ఇలా లేదే అని అటువాళ్ళో ఇటువాళ్ళో గొడవకొస్తే మచ్చు విప్పి చూడాలి. అందుకని దాన్ని చెరగకూడదు, ఏరకూడదు, కడగకూడదు. ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. మరుసటి ఏడు కొత్త సరుకు వచ్చాక పాత పొట్లం పారెయ్యొచ్చని కూడా మామగారు చెప్పారు. ఆ ఒక్క ముక్కే ఆవిడ చెవికి ఎక్కలేదు. పొట్లాలు పేరుకుపోయి గోడకున్న అలమరా నిండిపోయింది.

ఆ అలమరా మీద హరిబాబు కన్ను పడింది. బిల్లులు కొట్టే కంప్యూటరుకీ ప్రింటరుకీ అంతకంటే మంచి చోటు కొట్టు మొత్తంలో లేదన్నాడు. పెద్దమ్మ కాదన్నారు. ఏడాదిన్నరపాటు రోజూ కాఫీ వేళకు ఇదే వాదన. చివరికి విజయదశమి ముందు కొట్టు దులిపేటప్పుడు ఆవిడే విసిగిపోయి, నీ ఇష్టం వచ్చింది చేసుకోరా అన్నారు. సాయంత్రం వచ్చేసరికి అలమరా ఖాళీ, అందులో ప్రింటరు. పొట్లాలేవని అడిగితే పారేశానన్నాడు. ఆవిడ చేట అందుకున్నారు. ఆ రోజు నుంచి మచ్చు తియ్యడం మానేశారు. పెట్టుకోవడానికి చోటే లేనప్పుడు తియ్యడం దేనికన్నారు. హరిబాబుకు తిట్టినా బాగుండుననిపించింది.

శ్రీదివ్య వీళ్ళ జీవితంలోకి వచ్చింది అంతకు మూడేళ్ళ ముందు. ఉప్పాడ పిల్ల. తండ్రి మగ్గం మీద బుటా చీరలు నేస్తాడు. ఆ పిల్ల యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చదువుతూ, పక్క వీధిలో డాబా మీద గదిలో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండేది. మొదటిసారి వచ్చింది బిర్యానీ దినుసుల కోసం. చెక్కా, లవంగం, యాలకులూ కట్టించుకుని, రాతిపువ్వు దగ్గరకు వచ్చేసరికి అందులో ఒక రేకు తీసుకుని, సంచిలోంచి చిన్న భూతద్దం పైకి తీసి, వెలుతురుకు పెట్టి చూడటం మొదలుపెట్టింది. కొట్టులో నలుగురు ఉండగా శ్యామలాంబ గారి సరుకుని భూతద్దంతో చూసిన మనిషి అంతవరకూ పుట్టలేదు. ఏమ్మా, మా సరుకులో ఏం దొరుకుతుందని వెతుకుతున్నావని ఆవిడ అడిగిన తీరుకు హరిబాబు లేచి గోదాంలోకి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల మాత్రం బెదరలేదు. రాతిపువ్వంటే ఏమిటో మీకు తెలుసా పెద్దమ్మగారూ అంది. నలభై ఏళ్ళుగా అమ్ముతున్న వస్తువు. బూడిదరంగులో ఎండిన రేకుల్లా ఉంటుంది, నలిపితే మట్టి వాసన, నూనెలో పడితే మసాలాకే ఓ నిండుదనం వస్తుంది. కొండల్లో రాళ్ళ మీదా చెట్ల మీదా పూస్తుంది. ఇంతకంటే తెలుసుకోవలసింది ఏముందని ఆవిడ అనుకున్నారు.

“పువ్వూ కాదు, బెరడూ కాదండి. బూజూ నాచూ కలిసి కాపురం చేస్తే వచ్చేదండి ఇది. నాచు వండుతుంది, బూజు ఇల్లు కాస్తుంది. మా పుస్తకాల్లో లైకెన్ అంటారు.”

ఆవిడకు కాపురం అన్న మాట నచ్చింది. స్టూలు చూపించి కూర్చోమన్నారు. అక్కడినుంచి ఆ పిల్ల ఇంకొంచెం ధైర్యం చేసి, ఈ కాపురంలోకి ఒక్కోసారి వేరే బూజు కూడా వచ్చి చేరుతుందనీ, అది మట్టిలో గానీ చెట్టు మీద గానీ బతకలేదనీ, లైకెన్ మీద మాత్రమే బతుకుతుందనీ, తను చదివేది అలాంటివాటి గురించేననీ చెప్పింది.

“అద్దెకున్నవాళ్ళ ఇంట్లో మళ్ళీ అద్దెకు దిగిందన్నమాట,” అన్నారు శ్యామలాంబ గారు.

“అద్దె కూడా కట్టదండి.”

ఆ మాటకు ఆవిడ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుతో స్నేహం కుదిరిపోయింది. తర్వాత మూడేళ్ళపాటు శ్రీదివ్య రెండు రోజులకోసారి కొట్టుకు రావడం, స్టూలు మీద కూర్చుని ఆవిడ పెట్టింది తినడం, కొత్త మూట విప్పినప్పుడల్లా ఆవిడ ఏరి ఇచ్చిన గుప్పెడు రాతిపువ్వు పట్టుకుపోవడం మామూలైపోయింది. పిల్ల బక్కచిక్కిందని ఆవిడ బెంగపడేవారు. తనకు కూతురుంటే ఇలాగే తిండి మానేసి ఏదో ఒకటి పట్టుకు కూర్చునేదని హరిబాబుతో అనేవారు. ఆ పిల్ల మీద ఆవిడకు నిజంగానే ప్రాణం.

అలమరా ఖాళీ అయిన ఏడే, కార్తీకంలో దీనమ్మ సరుకు తెచ్చింది. పోలవరం పైన కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. డ్యామ్ కింద ఊరు పోతుందని వాళ్ళందరికీ జంగారెడ్డిగూడెం అవతల కాలనీలో ఇళ్ళిచ్చారు. అయినా వానలు వెనకబట్టగానే పాత దారిన కొండెక్కి కుంకుళ్ళూ, శీకాయా, రాతిపువ్వూ ఏరుకు రావడం మానలేదు. దీనమ్మ తెచ్చే రాతిపువ్వుకు వాసన ఎక్కువ. ఒక్కటే లోపం. కొన్ని రేకుల మీద నల్లటి చుక్కలుంటాయి, ఆవగింజలో నాలుగో వంతు ఉంటాయేమో. ప్రతి ఏడూ వాటిని చూసి పెద్దమ్మ ముఖం చిట్లించడం, కొండ మీద పుట్టిందే అంతండి అని దీనమ్మ అనడం, చుక్కలున్న రేకుల్ని ఆవిడ ఏరి పారెయ్యడం మామూలే. ఈసారి ఇంకా ఏరకముందే శ్రీదివ్య వచ్చి తన గుప్పెడు పట్టుకుపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే ఆ పిల్ల ఫోను. బస్సులో ఉన్నట్టుంది, ఒకటే హోరు. మొన్నటి రాతిపువ్వు ఎంతుంటే అంతా నాకే ఉంచండి, ఒక్క రేకు కూడా ఎవరికీ అమ్మకండి, సోమవారం మా సారుని తీసుకొస్తున్నాను, చూస్తారు అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆ పిల్లకు తట్టలేదు. ఆవిడా అడగలేదు.

పిల్లకి చదువు చెప్పే పెద్దమనిషి వస్తున్నాడు. ఈ కొట్టు సరుకు చూడటానికి వస్తున్నాడు. ఇంక శ్యామలాంబ గారిని ఆపగలిగేవాళ్ళెవరు? శనివారం బేరాలన్నీ హరిబాబుకు వదిలేసి ఆవిడ కత్తెర పట్టుకుని కూర్చున్నారు. పారేస్తే పిల్లకి సరుకు తక్కువవుతుందని, చుక్క ఉన్నంత మేరే కత్తిరించి మిగతా రేకు ఉంచారు. రేకు తర్వాత రేకు, మూట మొత్తం. సాయంత్రానికి వేళ్ళు వాచిపోయాయి. ఆదివారం రాళ్ళుప్పు వేసిన నీళ్ళలో రెండు తడవలు జాడించి, మేడ మీద తెల్లటి పంచె పరిచి ఆరబోసి, కాకులు రాకుండా తనే గొడుగు పట్టుకుని కాపలా కూర్చున్నారు. కత్తిరింపులన్నీ సోమవారం తెల్లారి మున్సిపాలిటీ చెత్త బండిలో వెళ్ళిపోయాయి.

ఆ సారు, శివరామకృష్ణ గారు, పదిన్నరకు వచ్చారు. నెమ్మదైన మనిషి, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చారు. ఆ ఒక్క పనికే ఆవిడకు ఆయన నచ్చేశారు. ఇత్తడి పళ్ళెంలో పోసిన రాతిపువ్వు ఆయన ముందు పెట్టి, కాఫీ తెప్పించి, ఎదురుగా నిలబడ్డారు. శ్రీదివ్య భూతద్దం తీసి ఒక రేకు చూసింది. ఇంకోటి చూసింది. పళ్ళెం అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఆ పిల్ల ముఖం పాలిపోవడం చూసి ఆవిడ ముందు ఆకలేమో అనుకున్నారు.

“వీటి మీద నల్ల చుక్కలుండాలి కదండీ పెద్దమ్మగారూ.”

“ఉండేవమ్మా. ఒక్కటి లేకుండా తీసేశాను,” అన్నారు ఆవిడ. ఆ క్షణంలో ఆవిడంత గర్వంగా ఉన్న మనిషి రాజమండ్రిలో ఇంకొకరు లేరు.

శ్రీదివ్య రేకుని పళ్ళెంలో పెట్టేసి తల వంచుకుంది. శివరామకృష్ణ గారే మెల్లగా విషయం చెప్పారు. ఆ చుక్కలే ఆ పిల్ల మూడేళ్ళుగా వెతుకుతున్న బూజు. ముందు తెచ్చిన గుప్పెట్లో నాలుగే రేకుల మీద అవి కనిపించాయి. వాటిని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే, లోపలి గింజలు గోధుమరంగులో రెండేసి గదులతో ఉన్నాయి. దీనికి చుట్టాలనదగ్గ బూజులన్నిటికీ నాలుగేసి గదులుంటాయి. దేశంలోనివీ బయటివీ ఇంతవరకూ రాసి ఉన్నవన్నీ తిరగేశారు, దీని పోలిక ఎక్కడా లేదు. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనిది అయ్యుండాలి. కానీ ఆ నాలుగు రేకులూ కోతలకే అయిపోయాయి. దాచిపెట్టడానికి నిండు నమూనా లేకుండా, అది ఎక్కడ పుట్టిందో చెప్పకుండా పేరు పెట్టడానికి ఒప్పుకోరు. పిల్ల ఫెలోషిప్పు మార్చితో ఆఖరు.

హరిబాబు మాట మధ్యలోనే స్కూటరు తీసుకుని చెత్త యార్డుకు పరుగెత్తాడు. మధ్యాహ్నానికి కంపు కొడుతూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. దీనమ్మ మళ్ళీ వచ్చేది వచ్చే కార్తీకానికే. ఆ సాయంత్రం శ్యామలాంబ గారు చేట ముట్టుకోలేదు. సందులో చప్పుడు లేకపోయేసరికి పక్క కొట్టువాళ్ళు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగారు. ఆవిడ బాగానే ఉందని చెప్పి, లోపల గోదాంలో ధనియాల బస్తా మీద కూర్చుని ఏడ్చారు. ఇంత వయసొచ్చినా ఒక్క మాట, దేనికమ్మా అని అడగలేకపోయానే అని ఏడ్చారు. మర్నాడు శ్రీదివ్య వచ్చి, తప్పు నాదేనండి, నేను చెప్పాల్సింది, అని ఆవిడనే ఓదార్చింది. దాంతో ఆవిడకు ఇంకా కష్టమైపోయింది. తిట్టి ఉంటే సగం భారం దిగేది.

“అప్పట్లో అయితే మచ్చన్నా ఉండేది. ఇప్పుడు అదీ లేదు,” అన్నారు ఆవిడ, ఎవరితోనూ కాకుండా.

హరిబాబు ప్రింటరు పక్కన నిలబడి ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు.

“పారెయ్యలేదు పెద్దమ్మా. గోనెసంచిలో కట్టి ఇంట్లో అటక మీద పెట్టాను. అందులో తాతయ్య రాతవి కూడా ఉన్నాయి కదా, చేతులు రాలేదు. ఉంచానని చెబితే మళ్ళీ అలమరా ఖాళీ చెయ్యమంటారని చెప్పలేదు.”

ఆవిడ వాడివైపు చూసిన చూపులో కోపమెంతో ప్రేమెంతో వాడికే తెలియలేదు. సంచి ఎక్కడుందో చూపించరా అన్నారు, అంతే.

ఆ మధ్యాహ్నం సంచి కొట్టుకు తెచ్చి, తలుపు సగం వేసి నేల మీద పొట్లాలు పరిచారు. కరక్కాయా, పిప్పళ్ళూ, కుంకుళ్ళూ, జాపత్రీ, అన్నీ పక్కకు తీస్తే రాతిపువ్వువి నలభై మూడు తేలాయి. అందులో దీనమ్మవి పదకొండు, పదకొండేళ్ళవి. అన్నిటి మీదా ఒకే రాత. “దీనమ్మ. తేనెరాయి గట్టు, పెద్ద మామిళ్ళు. కార్తీకం. రాతిపువ్వు. చెయ్యి పడనిది.” శ్రీదివ్య మొదటి పొట్లం విప్పి భూతద్దం పెట్టింది. చుక్కలు. రెండోదాంట్లోనూ చుక్కలు. పదకొండింట్లో తొమ్మిదింట్లో ఉన్నాయి. మిగతా ముప్ఫై రెండు పొట్లాలు వేరేవాళ్ళు వేరే కొండల నుంచి తెచ్చినవి, ఒక్కదాంట్లోనూ లేవు. ఆ పిల్ల నేల మీద చతికిలబడి, పెద్దమ్మగారూ, పదకొండేళ్ళుగా మీరు నా పని చేసి పెట్టారండి అంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. హరిబాబు ప్రింటరుని తుడుస్తున్నట్టు నటించాడు.

పొట్లాలు దొరకడంతో పని అయిపోలేదు. శివరామకృష్ణ గారు వాటిని చూసి ఎంతో సంతోషించి, ఇవి సాక్ష్యానికి బలమే గానీ, పేరు పెట్టాలంటే ఆ చెట్టు దగ్గరకు వెళ్ళి, అది బతికి ఉన్న చోట చూసి, మన కళ్ళముందు తియ్యాలన్నారు. జంగారెడ్డిగూడెం బస్సు కండక్టరు ద్వారా దీనమ్మకు కబురు వెళ్ళింది. అటవీ శాఖ అనుమతి కాగితం రావడానికి ఐదు వారాలు పట్టింది. బయలుదేరే రోజు శ్యామలాంబ గారు జీపు ముందు సీట్లో అందరికంటే ముందే ఎక్కి కూర్చున్నారు. మోకాళ్ళ సంగతి హరిబాబు ఎత్తితే, పారేసింది ఎవరు రా, వెతకాల్సింది ఎవరు, అని నోరు మూయించారు.

తేనెరాయి గట్టు ఎక్కడం రెండు గంటల పనని దీనమ్మ చెప్పింది. వీళ్ళకు నాలుగు గంటలు పట్టింది. దారి పొడవునా దీనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, మధ్యలో ఆగి తనలో తనే నవ్వుకునేది. చివరికి ఉండబట్టలేక అనేసింది.

“ఇన్నేళ్ళూ ఈ చుక్కలున్నాయని నా సరుకు చూసి మొహం చిట్లించేవారు. ఇప్పుడు ఆ చుక్కల కోసమే కొండెక్కుతున్నారు. చిత్రం కాదా అమ్మగారూ.”

“చిత్రమే దీనమ్మా. బుద్ధి రావడానికి నాకు ఇంత ఎత్తు కావలసొచ్చింది,” అన్నారు ఆవిడ ఆయాసపడుతూ.

పెద్ద మామిళ్ళు ఆరు చెట్లు. మొదళ్ళ నుంచి కొమ్మల దాకా రాతిపువ్వు పరుచుకుని ఉంది. శివరామకృష్ణ గారూ శ్రీదివ్యా చెట్టు చెట్టుకూ చుట్టూ తిరిగి భూతద్దంతో వెతికారు. గంట గడిచింది. చుక్కలు లేవు. ఈ ఏటి మేలైన రేకులన్నీ తానే ఒలుచుకుపోయానని దీనమ్మ నొచ్చుకుంది. శ్రీదివ్యకు ఆ సోమవారం నాటి ముఖం మళ్ళీ వచ్చేసింది. చీకటిపడేలోగా దిగాలంటే ఇంకో అరగంటే ఉంది. ఇది గాని దొరక్కపోతే పిల్ల మూడేళ్ళ కష్టం తన కత్తెర కిందే పోయినట్టని ఆవిడకు తెలుసు.

ఆవిడ నడవలేక వాగు వైపున్న చివరి చెట్టు కింద రాయి మీద కూలబడి ఉన్నారు. వెతకడం లేదు. ఆవిడకు వెతకడం రాదు. ఆవిడకు వచ్చిందల్లా చేటలో సరుకు చూసినట్టు, మంచిదాని మధ్య ఎక్కడ తేడా ఉందో కంటికి తగలనివ్వడం. అలా చూస్తూ ఉండగా, కొమ్మ చీలిన చోట, కింది వైపు, నీడలో, తలెత్తి చూసేవాళ్ళకు ఆనకుండా రాయి మీద కూర్చున్నవాళ్ళకే ఆనేలా, అరచెయ్యంత మేర రేకుల మీద మసకగా ఏదో కనిపించింది. లేచి దగ్గరకు వెళ్ళారు. చుక్కలు. ఒక్కో రేకు మీద ముప్ఫై నలభై, నల్లగా, నిండుగా. నలభై ఏళ్ళ అలవాటు, ఆవిడ అనుకోకముందే కుడిచెయ్యి పైటకొంగు పట్టుకుని వాటిని తుడవడానికి పైకి లేచింది.

ఎడమచేత్తో ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టేసుకున్నారు. గట్టిగా, దొంగని పట్టుకున్నట్టు పట్టుకుని, అలాగే నిలబడిపోయారు.

“అమ్మాయ్, ఇటు రా. నువ్వే వచ్చి తియ్యి. నేను ముట్టుకోను.”

శ్రీదివ్య పరుగెత్తుకొచ్చింది. భూతద్దం పెట్టి చూసి, ఆవిడ భుజం మీద తల ఆనించేసింది. ఆవిడ మాత్రం ఇంకా తన చెయ్యి వదల్లేదు. బెరడుతో సహా రేకుల్ని చాకుతో తీసి అట్టపెట్టెలో పెట్టబోతుంటే, ఒక్కటి నా పొట్లంలో కట్టమ్మా అని అడిగారు. చీరకు దోపుకున్న సంచిలో కేలండరు కాగితం తెచ్చుకున్నారు. శ్రీదివ్య రేకుని అందులో పెట్టి మడిచింది, ఆవిడ రాశారు. కాగితం మోకాలి మీద పెట్టుకుని మామగారు నేర్పిన మాటలన్నీ వరసగా రాశారు.

ఫెలోషిప్పు మార్చితో అయిపోయినా, ఈ బూజు వివరం చేర్చిన థీసిస్ ఆ నెలాఖరు లోపలే యూనివర్సిటీలో అందింది. బూజుకు పేరు ఖాయం కావడానికి మాత్రం ఇంకో పదమూడు నెలలు పట్టింది. వేరే ఊళ్ళో ల్యాబులో డీఎన్‌ఏ చూశారు, అది ఎవరి వంశంలో చేరుతుందో తేల్చారు, ఆ విషయం బాగా తెలిసిన పండితులు రెండుసార్లు తప్పులెంచి తిప్పి పంపారు, మూడోసారి ఒప్పుకున్నారు. శివరామకృష్ణ గారు దానికి శ్యామలాంబ గారి పేరు పెడదామన్నారు. కడిగేసినదాని పేరు పెడతారా, నవ్విపోతారు, అని ఆవిడ ఒప్పుకోలేదు. దీనమ్మను అడిగితే, అది పుట్టిన కొండ ఉండగా మన పేర్లు దేనికండి అంది. అలా దానికి తేనెరాయి గట్టు పేరు, లాటిను తోకతో, స్థిరపడింది.

అచ్చయిన కాగితాలు పట్టుకుని శ్రీదివ్య కొట్టుకు వచ్చిన రోజు ఆవిడ మెంతులు చెరుగుతున్నారు. చేట పక్కన పెట్టి, చదివి చెప్పమన్నారు. ఆ పిల్ల ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయింది. సేకరించినవారు దీనమ్మ, శ్యామలాంబ, శ్రీదివ్య అన్నచోట ఆవిడ ఇంకోసారి చదివించుకున్నారు. తర్వాత హోలోటైప్ అన్న మాట వచ్చింది. అదేమిటన్నారు.

“ఇది ఆ బూజా కాదా అని ప్రపంచంలో ఎవరికి ఎప్పుడు అనుమానం వచ్చినా, విప్పి చూసుకోవడానికి ఉంచే నమూనా అండి. వందేళ్ళయినా, రెండొందలేళ్ళయినా.”

“మచ్చు.”

“మచ్చేనండి.”

“కడగరు కదా దాన్ని?”

“కడగరండి. ఎవర్నీ ముట్టుకోనివ్వరు.”

ఆ పిల్ల ఫోను తీసి ఫొటో చూపించింది. నమూనాలు దాచే పెద్ద భవనంలో, ఉక్కు బీరువాలో ఉన్న కవరు, అందులో గట్టు మీద ఆవిడ పొట్లంలో కట్టిన రేకు. కవరు మీద ఇంగ్లీషులో అచ్చేసిన చీటీ. మొదట రాసిన చీటీ ఏదైతే ఉందో దాన్ని తీసెయ్యకూడదన్నది అక్కడి నియమమట. అందుకని దాని కిందే ఆవిడ కేలండరు కాగితాన్ని అలాగే అతికించారు. వంకరటింకరగా ఉన్న తన అక్షరాలు శ్యామలాంబ గారు ఫోను దగ్గరకు తెచ్చుకుని చదువుకున్నారు. పేరూ, గట్టూ, చెట్టూ, మాసమూ. చివర్న, చెయ్యి పడనిది.

“ఈ మాట జన్మలో ఎన్ని వేలసార్లు రాశానో. ఈ ఒక్కదానికే నా చెయ్యి నేను పట్టుకోవలసొచ్చిందమ్మా,” అన్నారు. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

ప్రింటరు గల్లాపెట్టె పక్కకు చేరి చాలా కాలమైంది. అలమరాలో మచ్చు పొట్లాలు మళ్ళీ వరసగా ఉన్నాయి, హరిబాబే సర్దాడు. ఆవిడ ఫోను తిరిగిచ్చేసి, తిన్నావా అని శ్రీదివ్యను అడిగి, జవాబు వినకుండానే హరిబాబును ఇడ్లీ తెమ్మని పంపి, చేట చేతిలోకి తీసుకున్నారు.